మన గడ్డ మీద పుట్టిన బండి – సెల్టోస్ కథ



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు కవిత రాద్దామా, హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామా అని చాలా ఆలోచించాను. నేను చదివేది ఫిజిక్సు. కాబట్టి మన కళ్ళ ముందు రోజూ తిరిగే ఒక యంత్రం గురించి రాస్తే తమ్ముళ్ళకు ఉపయోగపడుతుందనిపించింది. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. అది చివరలో చెబుతాను.

2017లో నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ వస్తుందని వార్త వచ్చింది. హాస్టల్లో ఎవరూ నమ్మలేదు. "తాగేదానికే నీళ్ళు లేవు, మనకు కార్ల ఫ్యాక్టరీనా?" అని నవ్వుకున్నాము. రెండేళ్ళు తిరిగేసరికి 44వ నంబరు జాతీయ రహదారి మీద పెద్ద పెద్ద ట్రెయిలర్లు కొత్త కార్లను మోసుకుపోతుంటే ఆదివారాలు రోడ్డు పక్కన నిలబడి లెక్కపెట్టేవాళ్ళం. వాటిలో మొదట వచ్చిన బండి పేరు సెల్టోస్.

ఫ్యాక్టరీ వచ్చిన వైనం

కియా దక్షిణ కొరియాకు చెందిన కంపెనీ. 1944లో మొదలైంది. 1998లో హ్యుందాయ్ చేతికి వచ్చింది. అందుకే ఈ రెండు కంపెనీల బండ్లకు లోపలి భాగాలు చాలావరకు ఒకే రకంగా ఉంటాయి. 2017 ఏప్రిల్ లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కియా ఒప్పందం చేసుకుంది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు. స్థలం 536 ఎకరాలు. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యం. నీటి కోసం గొల్లపల్లి రిజర్వాయరును చూపించారు. 2019 జనవరి 29న ప్రయోగాత్మకంగా తయారీ మొదలైంది. ఆ ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటకు వచ్చింది. అప్పట్లో అది అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి ఆ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది.

క్రాసోవర్ అంటే ఏమిటి?

బొలెరో లాంటి బండిని కింద నుంచి చూస్తే ఇనుప నిచ్చెన లాంటి చట్రం కనిపిస్తుంది. ఇంజను, చక్రాలు, పైన బాడీ అన్నీ దానికి బిగించి ఉంటాయి. గట్టిది, బరువైనది. మామూలు చిన్న కారుకు ఆ నిచ్చెన ఉండదు. అగ్గిపెట్టె లాగా బాడీయే చట్రం, చట్రమే బాడీ. బరువు తక్కువ, ప్రయాణం సుఖం.

క్రాసోవర్ అంటే అగ్గిపెట్టె పద్ధతిలో కట్టి, చూడటానికి మాత్రం జీపులాగా ఎత్తుగా, బలంగా కనిపించేలా తయారుచేసిన కారు. గుంతల రోడ్డులో అడుగు తగలదు. ఎక్కి దిగడం పెద్దవాళ్ళకు తేలిక. కానీ మన దగ్గర అమ్మిన మొదటి తరం సెల్టోస్ లో ఇంజను బలం ముందు చక్రాలకే పోతుంది. పొలం బురదలో దించితే బొలెరో చేసే పని అది చేయలేదు. చూపుకు జీపు, పనికి కారు అనుకుంటే సరిపోతుంది.

తయారీ వెనుక

2018 ఫిబ్రవరిలో గ్రేటర్ నోయిడాలో జరిగిన ఆటో ఎక్స్ పోలో ఎస్.పి. కాన్సెప్ట్ అనే నమూనాను కియా చూపించింది. దానినే సెల్టోస్ గా మార్చి 2019 జూన్ 20న ఆవిష్కరించింది. గ్రీకు పురాణాల్లో హెర్క్యులెస్ కొడుకు పేరు నుంచి ఈ పేరు తీసుకున్నారు. 2019 ఆగస్టు 22న అమ్మకాలు మొదలయ్యాయి. అప్పుడు షోరూము ధర 9.69 లక్షల నుంచి 15.99 లక్షల వరకు ఉండేది.

బండి పొడవు 4,315 మిల్లీమీటర్లు. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం 2,610 మిల్లీమీటర్లు. దేశంలో బి.ఎస్.-6 కాలుష్య నిబంధన 2020 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. సెల్టోస్ ఇంజన్లు అంతకు ముందే ఆ నిబంధనకు తగినట్టుగా వచ్చాయి.

2020 సెప్టెంబరులో దీనికి తమ్ముడు లాంటి సోనెట్ ఇదే ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. దాని పొడవు 3,995 మిల్లీమీటర్లు. సరిగ్గా ఆ అంకె ఎందుకు? మన దేశంలో 4 మీటర్లకు మించకుండా, పెట్రోలు ఇంజను 1,200 సి.సి., డీజిలు ఇంజను 1,500 సి.సి. దాటకుండా ఉంటే చిన్న కారు కింద పన్ను తగ్గుతుంది. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు చిన్న కార్లకు 28 శాతం పన్ను మీద పెట్రోలుకు 1 శాతం, డీజిలుకు 3 శాతం మాత్రమే సెస్సు పడేది. పెద్ద కార్లకు అంతకంటే చాలా ఎక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు 18 శాతం, పెద్దవాటికి 40 శాతం అయింది. అంటే కారు ఆకారాన్ని గీసేది ఇంజనీరు ఒక్కడే కాదు, పన్ను చట్టం కూడా పక్కనే కూర్చొని గీస్తుంది.

ఎన్ని రకాలు?

షోరూముకు పోతే హెచ్.టి.ఇ., హెచ్.టి.కె., హెచ్.టి.ఎక్స్., జి.టి.ఎక్స్. అని అక్షరాలు చదువుతారు. భయపడవలసిన పని లేదు. హెచ్.టి.తో మొదలయ్యేవి కుటుంబాల కోసం అని, జి.టి.తో మొదలయ్యేవి హుషారుగా నడిపేవాళ్ళ కోసం అని కంపెనీ విడదీసింది. పక్కన ప్లస్ ఉంటే ఇంకొన్ని సౌకర్యాలు ఎక్కువ. మనం అసలు చూడవలసింది ఇంజను, గేరుబాక్సు.

2019లో మూడు ఇంజన్లు వచ్చాయి. 1.5 లీటర్ల పెట్రోలు, 1.5 లీటర్ల డీజిలు – రెండూ 115 పి.ఎస్. శక్తి కలవి. మూడోది 1.4 లీటర్ల టర్బో పెట్రోలు, 140 పి.ఎస్. 2023 జూలైలో బండి ముఖం మార్చినప్పుడు 1.4 స్థానంలో 160 పి.ఎస్. ఇచ్చే 1.5 టర్బో ఇంజను పెట్టారు. 2025 డిసెంబరులో రెండో తరం సెల్టోస్ ను చూపించారు. అది మొదటిదానికంటే పొడవైనది.

చేత్తో మార్చే గేర్లు కాకుండా వేరే రకాలు కూడా ఇచ్చారు. వాటిలోని ఫిజిక్సు ఇదీ:

1. డీజిలుకు టార్కు కన్వర్టరు. రెండు ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా. ఇక్కడ గాలికి బదులు నూనె ఉంటుంది. ఇనుము ఇనుముతో రాసుకోకుండానే బలం అందుతుంది.

2. మామూలు పెట్రోలుకు ఐ.వి.టి. ఇందులో పళ్ళ చక్రాల గేర్లకు బదులు రెండు కప్పీలు, వాటి మధ్య ఒక పట్టీ. కప్పీల వెడల్పు మారుతూ ఉంటే వేగం మారుతుంది. ఆ కప్పీలను నొక్కి పట్టేది నూనె ఒత్తిడి.

3. టర్బోకు డి.సి.టి. ఇందులో రెండు క్లచ్చులు. 1, 3, 5, 7 గేర్లను ఒకటి, 2, 4, 6 గేర్లను ఇంకొకటి చూసుకుంటాయి. ఒకటి పనిలో ఉండగా రెండోది తర్వాతి గేరు సిద్ధంగా పెట్టుకుంటుంది. అందుకే గేరు మారినట్టే తెలియదు.

4. తర్వాత వచ్చింది ఐ.ఎం.టి. గేరు కడ్డీ ఉంటుంది, క్లచ్ పెడలు ఉండదు. కడ్డీ మీద చెయ్యి పడగానే సెన్సారు కనిపెట్టి క్లచ్చును యంత్రమే నొక్కుతుంది.

బయటపడిన లోపాలు

మన ప్రాంతపు బండి కదా అని మంచి మాత్రమే చెప్పడం చదువుకున్నవాడి లక్షణం కాదు.

2020 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో తయారైన సెల్టోస్ ను గుద్దించి పరీక్షించింది. రెండు ఎయిర్ బ్యాగులున్న బండి అది. పెద్దవాళ్ళ రక్షణకు 5కు 3 నక్షత్రాలు, పిల్లల రక్షణకు 2 నక్షత్రాలు వచ్చాయి. 2019లో ఆస్ట్రేలియా పరీక్షలో అదే పేరున్న బండికి 5 నక్షత్రాలు వచ్చాయి. పరీక్షల పద్ధతులు వేరు, అది నిజమే. కానీ అక్కడి బండిలో ఎయిర్ బ్యాగులు ఎక్కువ, ఎదురుగా అడ్డం వస్తే తనంతట తానే బ్రేకు వేసే ఏర్పాటు కూడా ఉంది. పేరు ఒకటైనంత మాత్రాన లోపలి సరుకు ఒకటి కాదు. ఆ తర్వాత 2022లో ఇక్కడి సెల్టోస్ అన్ని రకాలకూ 6 ఎయిర్ బ్యాగులు ఇచ్చారు.

2021లో అమెరికాలో సెల్టోస్, సోల్ అనే రెండు రకాల కార్లు 1,47,249 వెనక్కి పిలిచారు. 2 లీటర్ల ఇంజనులో పిస్టను రింగులకు వేడి పదును సరిగా పెట్టకపోవడం కారణం. ఆ ఇంజను మన దగ్గర అమ్మిన సెల్టోస్ లో లేదు.

2024 ఫిబ్రవరిలో మన దేశంలోనే 4,358 సెల్టోస్ బండ్లను వెనక్కి పిలిచారు. అవి 2023 ఫిబ్రవరి 28 నుంచి జూలై 13 మధ్య తయారైన, కప్పీల గేరుబాక్సు ఉన్న పెట్రోలు బండ్లు. ఆ గేరుబాక్సుకు నూనె అందించే ఎలక్ట్రానిక్ పంపును నడిపే భాగంలో తప్పు ఉండవచ్చని తేలింది. కప్పీలను పట్టి ఉంచేది నూనె ఒత్తిడే అని పైన చెప్పాను కదా. ఆ పంపు ఎంత ముఖ్యమో దాన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

వెనక్కి పిలవడం అంటే కంపెనీ తన తప్పును తానే ఉచితంగా బాగుచేసి ఇవ్వడం. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, లోపమున్న బండ్లను వెనక్కి పిలవమని ఆదేశించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి వచ్చింది. కాబట్టి ఇది దయ కాదు, కొన్నవాడి హక్కు.

ఇక రెండు క్లచ్చుల గేరుబాక్సు సంగతి. సెల్టోస్ లో పెట్టినది పొడి క్లచ్చుల రకం. వాటిని చల్లబరిచేది నూనె కాదు, గాలి. ట్రాఫిక్కులో అడుగడుగూ కదులుతూ, ఎత్తు మీద బ్రేకు వేయకుండా యాక్సిలేటరుతోనే బండిని నిలబెడితే క్లచ్ పలకలు జారుతూ రాసుకుంటాయి. రెండు అరచేతులు రుద్దుకుంటే వేడి పుట్టినట్టే. వేడి హద్దు దాటితే హెచ్చరిక వెలుగుతుంది. ఇది ఒక్క కియాకే కాదు, పొడి క్లచ్చులున్న ఏ కంపెనీ బండికైనా ఉన్న స్వభావం. ముందు బండి కాస్త దూరం కదిలేదాకా ఆగి కదలాలి. ఎత్తు మీద బ్రేకు పట్టాలి. హెచ్చరిక వస్తే బండిని పక్కకు తీసి చల్లారనివ్వాలి.

ఇది ఎందుకు రాశానంటే

మా పెదనాన్న కొడుకు బెంగళూరులో ఒక యజమాని దగ్గర కారు డ్రైవరు. ఆ కారు వేరే కంపెనీది, పేరు ఇక్కడ అనవసరం. దానికి కూడా రెండు పొడి క్లచ్చులే. ఒక సాయంత్రం ట్రాఫిక్కులో హెచ్చరిక వెలిగి బండి ఆగిపోయింది. "నువ్వే పాడుచేశావు" అని యజమాని మూడు నెలలు జీతంలో కోత పెట్టాడు. అన్న నిజంగా తనదే తప్పనుకున్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మూడో నెల వదినకు డబ్బు తక్కువ పంపినప్పుడు విషయం బయటపడింది.

నేను ఫోను చేసి, "అన్నా, బండితో ఇచ్చిన పుస్తకం ఉందా?" అని అడిగాను. "డాష్ బోర్డులో ఉందిరా. ఇంగ్లీషులో ఉంటే నాకేం తెలుస్తుంది?" అన్నాడు. పేజీలు ఫోటోలు తీసి పంపమన్నాను. ఆ హెచ్చరిక ఎందుకు వస్తుందో, వస్తే ఏం చేయాలో అందులో స్పష్టంగా రాసి ఉంది. తెలుగులో చెప్పాను. మరుసటి రోజు అన్న ఆ పేజీ తెరిచి యజమాని ముందు పెట్టాడు. కోసిన డబ్బు తిరిగి రాలేదు. కానీ నాలుగో నెల జీతం పూర్తిగా ఇచ్చాడు.

రెండేళ్ళుగా ఆ పుస్తకం అన్న చేతికి అందేంత దూరంలోనే ఉంది. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాడిని నేను. డిగ్రీ చేతికి వచ్చిన రోజు కంటే ఆ పేజీ చదివి చెప్పిన రోజే నా చదువు ఇంటికి చేరిందనిపించింది.

తమ్ముళ్ళారా! మీలో కొందరు ఐ.టి.ఐ. చేసి అదే ఫ్యాక్టరీలో బిగింపులు బిగిస్తారు. కొందరు పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ చదివి రేపటి బండిని గీస్తారు. కొందరు డ్రైవరు సీట్లో కూర్చుంటారు. ఏ పనీ తక్కువ కాదు. కానీ ఏ యంత్రం ముందు నిలబడినా అది ఎలా పనిచేస్తుందో అడగండి. స్టడీ అవర్సులో సైన్సు పుస్తకంలోని ఘర్షణ పాఠాన్ని పరీక్ష కోసమే బట్టీ పట్టకండి. అది మన అన్న జీతానికి సంబంధించిన పాఠం కూడా.

ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఇంట్లో ఎవరూ చదవని కాగితం ఏదైనా ఉందేమో వెతకండి. మోటారు గ్యారంటీ కార్డు కావచ్చు, బ్యాంకు కాగితం కావచ్చు. కూర్చొని అమ్మకూ నాయనకూ చదివి చెప్పండి.

సెలవు.

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (ఫిజిక్సు)