కోర్టు మాట పెడచెవిన పెడితే తప్పు ఎవరిది?

స్థలం తగాదా మీద కోర్టుకెళ్ళారు. కేసు తేలేదాకా అక్కడ ఎవరూ ఏమీ కట్టకూడదని జడ్జిగారు ఇంజంక్షన్ ఆర్డరు ఇచ్చారు. హమ్మయ్య అనుకుని ఇంటికొచ్చి పొయ్యి మీద పప్పు పడేసేసరికి, పెరటి వైపు ఇటుకల ట్రాక్టరు దిగుతోంది! మరిదిగారిని అడిగితే, "నేను ముట్టుకోలేదు వదినా, మేస్త్రీ కడుతున్నాడు" అంటాడు. మేస్త్రీని అడిగితే, "కేసులో నా పేరు లేదుగా అమ్మా" అంటాడు. మరి ఎవరిని పట్టుకోవాలి?

ఇద్దరినీ పట్టుకోవచ్చు. మరిది స్వయంగా తాపీ పట్టకపోయినా, మనిషిని పెట్టి చేయించినా ఒకటే. మేస్త్రీ సంగతి కాస్త వేరు. అతను కేసులో లేడు కాబట్టి ఆర్డరు సంగతి అతనికి తెలియాలి. తెలిసి కూడా గోడ లేపితే, కోర్టు మాట కాలరాయడానికి చెయ్యి కలిపినట్టే. అందుకే అతనితో వాదులాట పెట్టుకోకండి. ఇద్దరు పెద్దమనుషుల ఎదుట ఆర్డరు కాపీ చూపించండి, సెల్ ఫోనులో ఫొటో తీసుకోండి. చాలామంది మేస్త్రీలు అక్కడితోనే సామాన్లు సర్దుకుంటారు.

"నాకింకా నోటీసు అందలేదు" అనేది పాత పాటే. ఆర్డరు సంగతి తెలిసిందని రుజువైతే చాలు, సర్టిఫైడ్ కాపీ చేతికి రానక్కర్లేదు. "ఆ ఆర్డరు తప్పు, పైకోర్టుకెళ్ళాం" అన్నా చెల్లదు. పైకోర్టు స్టే ఇచ్చేదాకా కింది కోర్టు మాట వినాల్సిందే.

ఇలాంటి ఇంజంక్షన్ మీరితే, ఇచ్చిన కోర్టులోనే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డరు 39, రూలు 2ఎ కింద అర్జీ పెట్టుకోవచ్చు. ఆస్తి జప్తు చేస్తారు, మూడు నెలల దాకా సివిల్ జైలుకీ పంపుతారు. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం కింద శిక్ష వేసే అధికారం మాత్రం హైకోర్టుకీ సుప్రీంకోర్టుకీ ఉంది. ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రెండు వేలంటే ఈ రోజుల్లో నెల సరుకులకి కూడా చాలవు. అయినా భయపడేది జరిమానాకి కాదుగా.

అయితే మీరింది కావాలని మీరి ఉండాలి. మనలో చాలామందికి పనికొచ్చే భరణం విషయంలోనే ఇది బాగా తేలుతుంది. ఉద్యోగం పోయి నిజంగా చేతిలో పైసా లేనివాడు వేరు. జీతం బ్యాంకులో పడుతున్నా, "ఇవ్వను, ఏం చేసుకుంటావో చేసుకో" అనేవాడు వేరు. భరణం బాకీని డబ్బు డిక్రీలాగే వసూలు చేసుకోవచ్చని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. జీతం, ఆస్తి జప్తు చేయించవచ్చు. మెజిస్ట్రేటు ఇచ్చిన భరణం ఎగ్గొడితే ఒక్కో నెల బాకీకి నెల దాకా జైలు. ఒక్క మాట గుర్తుంచుకోండి: జైలుకెళ్ళొచ్చినంత మాత్రాన బాకీ తీరిపోదని సుప్రీంకోర్టు 1989లోనే తేల్చేసింది. కానీ బాకీ పడ్డ ఏడాదిలోగా వసూలుకి అర్జీ పెట్టాలి. "ఈ నెల ఇస్తాడేమో" అని ఎదురుచూస్తూ కూర్చుంటే పాత నెలలు చేజారిపోతాయి.

గృహహింస కేసులో ఇచ్చే రక్షణ ఉత్తర్వు మీరితే 2005 నాటి చట్టం కింద అది విడిగా నేరం. ఏడాది దాకా జైలు, ఇరవై వేల దాకా జరిమానా. 2016లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆడవాళ్ళని కూడా ఈ కేసుల్లో ప్రతివాదులుగా చేర్చవచ్చు. అంటే అత్తగారు, ఆడపడుచు కూడా ఆ ఉత్తర్వుకి లోబడాల్సిందే.

పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్ళకీ మినహాయింపు లేదు. కోర్టుకిచ్చిన మాట తప్పినందుకు 1994లో ఉత్తరప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి కళ్యాణ్ సింగ్‌కి ఒకరోజు జైలు, రెండు వేలు జరిమానా పడ్డాయి. బడుల ఆవరణల్లో గ్రామ సచివాలయాలు పెట్టొద్దంటే వినలేదని 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఎనిమిదిమంది ఐఏఎస్ అధికారులకి రెండు వారాల జైలు వేసింది. క్షమాపణ చెప్పుకుంటే, ఏడాదిపాటు నెలకో ఆదివారం సంక్షేమ హాస్టళ్ళలో సేవ చేయమంది. గుంటూరు జిల్లాలో కోర్టు వద్దన్నా పేదల గుడిసెలు కూలగొట్టించిన తాసీల్దారు తర్వాత డిప్యూటీ కలెక్టరయ్యాడు. 2025లో సుప్రీంకోర్టు ఆయన్ని మళ్ళీ తాసీల్దారుగా దించి, లక్ష రూపాయల జరిమానా వేసింది.

ఇదంతా ఎదుటివాళ్ళ సంగతే అనుకోకండి. ఆదివారం పిల్లాణ్ణి తండ్రికి చూపించమని ఆర్డరుంటే, కోపంకొద్దీ శనివారమే అమ్మమ్మగారింటికి పంపేస్తే అదీ ధిక్కారమే. జ్వరమొస్తే డాక్టరు చీటీ దాచుకోండి. పంపడం క్షేమం కాదనిపిస్తే, ఆర్డరు మార్చమని ముందే కోర్టుని అడగండి.

ధిక్కారం జరిగిన ఏడాదిలోగా హైకోర్టుకి వెళ్ళాలి, ఆ తర్వాత తలుపు మూసేస్తారు. కాబట్టి గోడ ఏ రోజు లేచిందో, ఏ నెల డబ్బు రాలేదో కాలెండరు మీద రాసిపెట్టుకోండి. పాల లెక్క ఎలాగూ రాస్తున్నాంగా!