ఇంటి చదువుకు ఒక అరగంట

బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన నాడు బిస్మిల్లా వేడుక జరుపుట మన ఇండ్లలో ఆచారము. పొరుగింట అక్షరాభ్యాసము నాడు పళ్లెములోని బియ్యముపై బిడ్డ వ్రేలు పట్టి దిద్దింతురు. రెండు ఇండ్లలోను మిఠాయిలు పంచుదురు. ఇంటి చదువు నిలుచుట మాత్రము ఆ మరునాటిపై ఆధారపడి యున్నది.

బందరు, గుడివాడల నడుమ రైలుదారిలోని పెడనను చూడుడు. కలంకారీ అద్దకపు ఇండ్లలో పిల్లలకు పాఠ్యప్రణాళిక లేదు. పాలు కలిపిన కరక్కాయ నీటిలో గుడ్డను తడుపుట, ఎండబెట్టుట, అచ్చు వేయుట, పారునీటిలో జాడించుట నిత్యము కంటబడును. చేయి దానంతట అదే నేర్చును. దివిసీమకు పోవు దారిలోని కూచిపూడిలో నాట్యము తండ్రి నుండి కుమారునికి తరతరములుగా సంక్రమించినదియు ఇట్లే.

2020 మార్చిలో బడులు మూతపడగా ఇండ్లే బడులైనవి. పిల్లవాని చేతికి ఫోను ఇచ్చి, చదువు సాగుచున్నదని తృప్తిపడిన పెద్దలు తక్కువేమీ కారు!

మగ్రిబ్ నమాజు పిదప అరగంట చాలునని మా అభిప్రాయము. అదే మూల, అదే చాప. ఫోను వేరొక గదిలో. పిల్లవాడు ఒక పుట పైకి చదువవలెను, ఒకనాడు ఉర్దూ, ఒకనాడు తెలుగు. తల్లికి అక్షరములు రాకున్నను వినుట వచ్చును గదా! తప్పులు దిద్దుట కళాశాలలో చదువుచున్న అక్కయ్య పని, అనగా మీ పని. తెలుగు, ఆంగ్ల మాధ్యమములలో చదువు పిల్లలకు బడిలో ఉర్దూ లిపి అబ్బుట అరుదు. దాదీ పెట్టెలోని పాత ఉత్తరములను రేపు చదువవలసినవారు వారే. తుఫాను రాత్రి కరెంటు పోయినచో పుస్తకము మూసి, ఆ ఉత్తరములలోని సంగతులు దాదీ చేతనే చెప్పింపుడు.