ఆ పిల్ల మళ్ళీ ఎప్పుడొస్తుంది?



నర్సింగ్ విద్యార్థినులు కమ్యూనిటీ పోస్టింగ్‌కు వెళ్ళే ఊళ్ళలో పెద్దవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. కొత్త బ్యాచ్ వారు బ్యాగు పట్టుకొని గుమ్మంలో నిలబడగానే, "ముందు వచ్చిన ఆ పిల్ల ఏదమ్మా? మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అంటారు. ఆ పిల్ల పోస్టింగ్ అయిపోయినది. ఫ్యామిలీ ఫోల్డర్ పూర్తిచేసి, మార్కులు వేయించుకొని ఇప్పుడు ఏదో వార్డులో నైట్ డ్యూటీ చేస్తూ ఉంటుంది. ఆమె వలన నెలనెలా బీ.పీ. చూపించుకోవడం అలవాటైన అవ్వ మాత్రం అదే అరుగు మీద ఉన్నది.

2011 జనాభా లెక్కల నాటికే మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. డబ్బు పంపుతారు, ఫోను చేస్తారు. అయినా ఇంట్లో మనిషి అలికిడి ఉండదు. దీనిని మనము మనసుకు సంబంధించిన బాధగా మాత్రమే చూస్తాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒంటరితనాన్ని ఆరోగ్య సమస్యగానే గుర్తించి 2023లో దాని కొరకు ఒక కమీషన్‌ను నియమించినది. నర్సులకు ఇది కొత్త సంగతి కాదు. ఒక్కరే ఉన్నవారు పొద్దున ఒకసారి అన్నం వండి, మూడు పూటలా ఊరగాయతో సరిపెట్టుకుంటారు. బీ.పీ. ఉన్నవారికి ఆ ఉప్పు ఎంత చేటో చెప్పనక్కరలేదు. "బాగానే ఉంది కదా" అని మాత్రలు మానేస్తారు, లేదా సగం చేసి వేసుకుంటారు. షుగరు ఉన్న తాతగారి అరికాలిలో పుండు ఆయనకు కనిపించదు. చూసి చెప్పే మనిషి లేక, అది ముదిరిన తరువాత ఆసుపత్రికి వస్తారు.

చదువుకునే పిల్లలను, పెద్దలను ఒకచోటికి చేర్చే ప్రయత్నాలు అనేక దేశాలలో జరిగినవి. నెదర్లాండ్స్‌లోని డెవెంటర్ పట్టణంలో హ్యుమానిటాస్ అనే వృద్ధుల నివాసం ఉన్నది. అక్కడ కొందరు కాలేజీ విద్యార్థులకు అద్దె లేకుండా గది ఇచ్చారు. బదులుగా వారు నెలకు 30 గంటలు పెద్దలకు మంచి పొరుగువారుగా ఉండాలి. నర్సు పని చేయనక్కరలేదు. కలిసి భోజనం చేయడం, పుట్టినరోజు జరపడం, ఒంట్లో బాగులేనప్పుడు పక్కన కూర్చోవడం, అంతే.

అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వారు ఇంకొక విధంగా ఆలోచించారు. నాకు ఇది మరీ నచ్చినది. లిండా ఫ్రైడ్ అనే వృద్ధుల వైద్య నిపుణురాలు మొదలైనవారు 60 ఏళ్ళు దాటినవారిని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు పంపి, వారానికి 15 గంటలు చిన్నపిల్లలకు చదువులో సాయం చేయించారు. అంటే ఇక్కడ సేవ పొందేవారు పెద్దలు కారు, సేవ చేసేవారు పెద్దలు! రెండేళ్ళు పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించారు. వయసుతోపాటు తరిగిపోయే ఒక మెదడు భాగం, జ్ఞాపకశక్తికి సంబంధించినది, ఇలా పనిచేసిన మగవారిలో తరగకపోగా కొద్దిగా పెరిగినట్లు స్కానింగులలో కనిపించినది.

మన దేశంలో జాతీయ వైద్య కమీషన్ 2022లో కుటుంబ దత్తత కార్యక్రమం తెచ్చినది. ఎం.బి.బి.ఎస్. విద్యార్థి మొదటి సంవత్సరం నుండే పల్లెలో కొన్ని కుటుంబాలను తీసుకొని, చదువు సాగినంత కాలం వారి ఆరోగ్యం కనిపెట్టి ఉండాలి. మంచి ఆలోచనే. కాని ఎంత మంచి కాలేజీ అయినా, విద్యార్థి ఏదో ఒక రోజు వెళ్ళిపోతాడు. ఊరిలో ఉండిపోయేది సంఘమే. కనుక కాలేజీ ఒక్కటే ఈ పని చేయలేదని నా అభిప్రాయం. విద్యార్థినితో పాటు ఆ వీధి సంఘ యౌవనస్థులలో ఒకరు ప్రతిసారీ వెళ్తే, బ్యాచ్ మారినా ముఖం మారదు. అవ్వకు కావలసినది ఆ ముఖమే.

వెళ్ళి ఏమి చేయాలి? "అయ్యో పాపం" అని పండ్లు ఇచ్చి, ఫోటో తీసుకొని వచ్చేస్తే ప్రయోజనం లేదు. వారి దగ్గర నేర్చుకునేందుకు వెళ్ళండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు ఉంటాయి. కీబోర్డు వాయించే మన పిల్లలలో ఎందరికి ఆ పాత వరుసలు వచ్చు? చాలా ఇళ్ళలో అవి పెద్దమ్మల నోట మాత్రమే మిగిలి ఉన్నవి. ఒక పాట నేర్పమంటే, మంచం మీద పడుకొని ఉన్న మనిషి లేచి కూర్చుంటుంది. తిమోతి విశ్వాసం సంగతి చెప్పేటప్పుడు పౌలు అవ్వ లోయిని పేరుపెట్టి తలచుకున్న సంగతి మీకు తెలిసినదే. పాట అయిన తరువాత మందుల స్ట్రిప్పులు తెమ్మని, ఎన్ని మిగిలినవో లెక్కపెట్టండి. ఎక్కువ మిగిలితే మందు మానేసినట్లే. కోప్పడవద్దు, మాకు తెలియజేయండి. షుగరు ఉంటే అరికాళ్ళు చూడండి. స్నానాలగదికి వెళ్ళే దారిలో రాత్రి దీపం వెలుగుతున్నదా, గచ్చు జారుతున్నదా చూడండి. తుంటి ఎముక విరగడానికి ఒక్క జారుడు చాలు.

చెవి మందగించినవారితో అరవవద్దు. ఎదురుగా కూర్చొని, పెదవులు కనిపించేలా నిదానంగా మాట్లాడాలి. మరపు ఉన్నవారిని "నేనెవరో చెప్పండి చూద్దాం" అని అడగటం మనవారికి ఒక సరదా. దయచేసి మానండి. గుర్తు రాక వారు లోలోపల కుమిలిపోతారు. మీ పేరు మీరే ముందు చెప్పండి. ఎప్పుడూ ఇద్దరు కలిసి వెళ్ళండి, దూరాన ఉన్న వారి పిల్లలకు ముందుగా తెలియజేయండి. డబ్బు, పొలం కాగితాలు, ఏ.టి.ఎం. పిన్ నంబరు, వీటి జోలికి వెళ్ళకూడదు. ఎవరైనా వారిని వేధిస్తున్నట్లు, తిండి పెట్టనట్లు తెలిస్తే దాచవద్దు, పాస్టరుగారికి చెప్పండి. వృద్ధుల సహాయానికి 14567 అనే ఉచిత ఫోను నంబరు కూడా ఉన్నది.

రోజూ వెళ్ళనక్కరలేదు. వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే వేళకు వెళ్ళండి. శనివారం వస్తామంటే శనివారమే రావాలి, ఎందుకంటే పొద్దుటి నుండే తల దువ్వుకొని ఎదురుచూస్తారు. యౌవనస్థుల కూటమి వారు ముందుకు వస్తే, పాస్టరుగారి ద్వారా తెలియజేయండి. ఒక ఆదివారం ఆరాధన తరువాత మా ట్యూటర్లు వచ్చి బీ.పీ. చూడటం, పాదాలు పరీక్షించడం నేర్పుతారు.