దుప్పట్లు చాలు, ఫినాయిల్ కావాలి

పొద్దుగూకితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆస్పత్రి చుట్టూ చాపలు పరుచుకుంటాయి. బిడ్డ లోపల, బిడ్డ దగ్గర తల్లి. తోడొచ్చిన తండ్రీ అమ్మమ్మా బయటే. నిజాం రెండో కోడలి పేరుతో 1953 నుంచి నడుస్తున్న ఈ పిల్లల దవాఖానాకు మెదక్, మహబూబ్‌నగర్, నల్లగొండ... ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఊళ్లో వాళ్లకు ఇల్లుంది. ఇక్కడ మాత్రం పది రోజులో, నెలో నిలువ నీడ లేనివాళ్లే.

ఇలాంటివాళ్ల కోసమే నీలోఫర్, ఉస్మానియా లాంటి ఆస్పత్రుల దగ్గర బల్దియా (నగరపాలక సంస్థ) రాత్రి బస కేంద్రాలు కట్టించింది. ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్లకు నగరంలో వేరే షెల్టర్లున్నాయి. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఉండాలని, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచే ఉంచాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. 2011 లెక్కల ప్రకారమే బల్దియా పరిధిలో జనం 67 లక్షలు. షెల్టర్లు ఆ లెక్కలో సగానికి కూడా చేరలేదు.

కట్టడం ఒక్కసారి ఖర్చు. రిబ్బన్ ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, డబ్బూ ఎలాగో దొరుకుతుంది. అసలు తిప్పలు రోజువారీ ఖర్చుతోనే. 2013లో మొదలై 2024లో ముగిసిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనల్లో 50 మంది ఉండే షెల్టర్ నిర్వహణకు ఏడాదికి రూ.6 లక్షలు రాశారు. నెలకు యాభై వేలు. మనిషికి రోజుకు రూ.33. ఒక మేనేజరు, మూడు షిఫ్టులకు ముగ్గురు కేర్‌టేకర్లు ఉండాలన్నదీ ఆ నిబంధనే. వాళ్ల జీతాలకే సరిపోని సొమ్ములోంచి కరెంటు బిల్లు, నీళ్లు, దుప్పట్ల ఉతుకుడు, మరుగుదొడ్ల శుభ్రత అన్నీ గడవాల్సి వచ్చేది. పైగా ఆ సాయం అయిదేళ్లకే అన్నారు. ఆ తర్వాత భారం రాష్ట్రానిది, మున్సిపాలిటీది. షెల్టర్లను నడిపే స్వచ్ఛంద సంస్థలు ముందు ఖర్చు పెట్టుకుని, బిల్లు పెట్టుకుని, ఎదురుచూడాలి. బిల్లు ఆలస్యమైతే మొదట ఆగేది కేర్‌టేకరు జీతం. కేర్‌టేకరు మానేస్తే రాత్రి తలుపు తీసే దిక్కుండదు.

దాతలు లేరా అంటే ఉన్నారు. డిసెంబర్‌లో చలి ముదరగానే దుప్పట్ల మూటలతో దిగుతారు, ఫొటోలూ దిగుతారు. తప్పు పట్టనక్కర్లేదు, చలికి దుప్పటే ఆధారం. కానీ జూన్‌లో ఆ దుప్పట్లు ఉతికించేదెవరు? ఫినాయిల్, సబ్బులు, శానిటరీ ప్యాడ్లు, దోమతెరలు, కాలిపోయిన మోటారు రీవైండింగు... వీటితో ఫొటో దిగాలని ఎవరికీ అనిపించదు. ఒక కాలనీ సంఘమో, కంపెనీయో ఒక కేర్‌టేకరు జీతం ఏడాదిపాటు భరిస్తే, అది వెయ్యి దుప్పట్ల కన్నా ఎక్కువ పని చేస్తుందని నా లెక్క.

ఆ మిషన్ నిబంధనల్లో ఇంకో దారీ చూపించారు: బస చేసేవాళ్ల దగ్గర వాళ్ల ఆదాయంలో పదో వంతు నుంచి ఇరవయ్యో వంతు దాకా తీసుకోవచ్చన్నారు. రోజుకు అయిదొందలు తెచ్చుకునే అడ్డా కూలీ ఇరవయ్యో వంతు ఇచ్చినా పాతిక రూపాయలవుతుంది, ఆ నిబంధనల్లో రాసిన ముప్పై మూడుకు దాదాపు దగ్గరే. నీలోఫర్ ముందు చాప పరిచిన తండ్రికి ఆ లెక్కా కుదరదు. బిడ్డ మంచమెక్కిన రోజే అతను కూలి మానుకుని వచ్చాడు.