తత్కాల్ వేళ ఒకే క్షణంలో ఎంతమంది?

ఉదయం 10 గంటలకు ఏ.సి. తరగతుల తత్కాల్ రిజర్వేషన్లు ఆరంభమవుతాయి. సంక్రాంతి ముగించుకొని మరునాడు విశాఖపట్నంలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ చేరవలసినవారు అప్పటికే ఫోన్ చేతపట్టుకొని సిద్ధంగా ఉంటారు. తెరపై చక్రం తిరుగుతూనే ఉంటుంది. అది ఆగేసరికి వెయిటింగ్ లిస్టు కనిపిస్తుంది. సర్వర్ చాలలేదన్న నిట్టూర్పు సహజమే. అయితే చాలనిది ఏది?

పలువురు ఒకే కంప్యూటరును పంచుకోవడం కొత్త కాదు. 1960వ దశకంలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ రూపొందించిన వ్యవస్థను ఏకకాలంలో సుమారు 30 మంది వాడుకునేవారు. యంత్రం తన సమయాన్ని రవ్వంత చొప్పున అందరికీ పంచేది. మనిషి ఆలోచించుకునే వ్యవధిలో అది మరొకరి పని చూసేది. తత్కాల్ వేళ ఆ వ్యవధిని ఎవరూ ఇవ్వరు.

2014 ఆగస్టులో ఐ.ఆర్.సి.టి.సి. కొత్త ఈ-టికెట్ విధానాన్ని ప్రవేశపెట్టినప్పుడు ఏకకాల వినియోగదారుల పరిమితి 40 వేల నుంచి లక్షా 20 వేలకు పెరిగింది. టికెట్ల జారీ సామర్థ్యం నిమిషానికి 2,000 నుంచి 7,200కు చేరింది. మొదటి సంఖ్య గొప్పగా వినిపిస్తుంది గాని, ఒక్కొక్కరు లోపల ఎంతసేపు ఉంటారన్నది తెలియకుండా దానికి అర్థం లేదు. సగటున 5 నిమిషాలు ఉంటే నిమిషానికి 24 వేల మందికి మాత్రమే కొత్తగా చోటు దొరుకుతుంది. స్పందన మందగించి ఆ వ్యవధి 10 నిమిషాలైతే 12 వేల మందికే. యంత్రాలు అవే, ప్రవేశం సగం. ఈ లెక్కను 1961లో జాన్ లిటిల్ గణితపరంగా నిరూపించారు. ఆగిన తెరను పదేపదే రిఫ్రెష్ చేసేవారు, పాపం, తమ ముందున్న వరుసను తామే పొడిగించుకుంటున్నారు.

అంతకన్నా పెద్ద చిక్కు బెర్తులది. ఖాళీల వివరాలకు నకళ్లు తీసి పలు సర్వర్లలో ఉంచవచ్చు. కేటాయింపుకు మాత్రం ఒక్కటే లెక్క ఉండాలి. లేకుంటే ఒకే బెర్తు ఇద్దరి పేర నమోదవుతుంది. అందుకే ఒక రైలుకు, ఒక తేదీకి వచ్చిన అభ్యర్థనలు చివరి మెట్టున ఒకదాని వెనుక ఒకటి నిలబడవలసిందే. సొమ్ము చెల్లించి వచ్చేలోగా బెర్తులు అయిపోవచ్చు. రైల్వే శాఖ 2025 జూన్‌లో వెల్లడించిన ప్రణాళికలోనూ ఈ తేడా స్పష్టం: నిమిషానికి విచారణలను 4 లక్షల నుంచి 40 లక్షలకు, టికెట్లను 32 వేల నుంచి లక్షన్నరకు పెంచాలన్నది లక్ష్యం. స్లీపర్ పెట్టెలో బెర్తులు మాత్రం 72 లేదా 80.

వరుసలో ఉన్నవారంతా మనుషులు కారు. తొలి 5 నిమిషాల లాగిన్ ప్రయత్నాల్లో 50 శాతం వరకు స్వయంచాలిత ప్రోగ్రాములవేనని రైల్వే శాఖ పేర్కొన్నది. ఇటువంటి వాటిని అడ్డుకునే ఏర్పాట్ల అనంతరం, 2025 మే 22న ఉదయం 10 గంటలకు ఒక్క నిమిషంలో 31,814 టికెట్లు జారీ అయ్యాయి. ఆ ఏడాది జూలై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి అయింది. ఏజెంట్లకు ఏ.సి. తరగతుల్లో 10:30 వరకు, నాన్ ఏ.సి. తరగతుల్లో 11 నుంచి 11:30 వరకు ప్రారంభ రోజు తత్కాల్ బుకింగ్‌కు అనుమతి లేదు.