తెరచాప గుడ్డ: గంజి చూసి మోసపోరాదు

మన పత్రికలో చీరను గురించి, పంచెను గురించి, దుప్పటిని గురించి ఎన్నో వ్యాసాలు వచ్చినవి. పడవ తెరచాపను గురించి వచ్చినట్లు నాకు జ్ఞాపకం లేదు. అదీ పడుగు, పేక కలిసిన గుడ్డే గనుక నాలుగు మాటలు వ్రాయ సాహసించినాను.

నా మేనల్లుడు ముంబైలో పడవలు బాగుచేసే కార్ఖానాలో పని చేస్తున్నాడు. మగ్గం మీద కూర్చోలేదు గాని మగ్గాల మధ్య పెరిగినవాడే. పోయిన వానకాలంలో పడవలన్నీ ఒడ్డుకెక్కి ఉన్నప్పుడు నాకు ఫోను చేసి, "మామయ్యా, ఇక్కడ ఒక పెద్దమనిషి తన 24 అడుగుల పడవకు కొత్త తెరచాపలు కుట్టించుకోవాలంటున్నాడు. రెండు మచ్చులు వచ్చినవి. చేతికి రెండూ ఒకటిగానే ఉన్నవి, ధరలో మాత్రం చాలా తేడా. ఒకసారి వచ్చి చూడరాదా?" అన్నాడు. సంఘం పని మీద ఎటూ పోవలసి ఉన్నది గనుక, నూలు లెక్కపెట్టే అద్దం జేబులో వేసుకొని సోలాపురంలో రైలెక్కినాను.

అక్కడికి పోయిన తరువాత సంగతి తెలిసింది. అంతకు ముందటి ఏడు ఆ పెద్దమనిషీ, మా వాడూ గోవా నుంచి వస్తున్నారట. ఆ కాలంలో మధ్యాహ్నమైతే వాయవ్యపు గాలి. ముంబైకి వచ్చే పడవకు అది ఎదురుగాలి. ఎదురుగాలికి పడవ తిన్నగా పోలేదు. ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి మళ్లుతూ ఏటవాలుగా పోవలె. అందుకు చాప చదునుగా నిలవవలె. వారి పాత చాప సాగి సంచివలె ఉబ్బింది. అట్లా ఉబ్బితే పడవ ముందుకు పోవడం తగ్గి, ఒరిగి, ఒడ్డువైపు జరుగుతుంది. ఇంజను కూడా మొరాయించింది. రాళ్ల మీద అల విరిగే చప్పుడు వినబడేంత దగ్గరకు పోయి, దైవవశాన గాలి మళ్లి బయటపడినారట. మా అక్కకు ఈ మాట ఈనాటికీ చెప్పలేదు.

చాప ఎందుకు సాగుతుంది? మనకు తెలిసినదే. గుడ్డను పడుగు వెంట లాగితే సాగదు, పేక వెంట లాగినా సాగదు. ఐమూలగా లాగితే సాగుతుంది. గాలి చాపను అన్ని వైపులకూ లాగుతుంది గనుక ఐమూల బలమే చాపకు ప్రాణం.

ఇప్పటి చాపలలో ఎక్కువ భాగం పాలియెస్టరు. ఆ దారాన్ని 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డు, డిక్సను అనేవారు కనిపెట్టినారు. 1950 తరువాత అది చాపలకు వచ్చింది. గుడ్డను చాలా దట్టంగా నేసి, వేడి చూపుతారు. దారం ముడుచుకొని నేత ఇంకా బిగుస్తుంది. తరువాత రెజిను అనే జిగురు ఎక్కించి వేడి రోలర్ల మధ్య నలుపుతారు. ఆ జిగురే దానికి గంజి.

ఇక్కడ నా సిగ్గు ఒకటి చెప్పక తప్పదు. నేను కార్యదర్శినైన కొత్తలో, గడువు దాటిపోతున్నదని, పేకలు తగ్గిన దుప్పట్లకు గంజి దట్టంగా పెట్టించి పంపినాను. మొదటి ఉతుకుకే వలలైనవి. 200 దుప్పట్లు తిరిగి వచ్చినవి. ఆ నష్టం ఆ యేడు మా నేతగాళ్ల బోనసులో కోత పడింది.

కనుక మచ్చులు రెండూ తీసుకొని, ముందు ఐమూలగా లాగి చూసినాను. తేడా లేదు. తరువాత రెండింటినీ గుప్పిట పట్టి, బట్టలు ఉతికినట్లు చాలాసేపు నలిపినాను. మళ్లీ లాగినాను. చౌక మచ్చు మెత్తబడి ఐమూలగా సాగింది. రెండవది సాగలేదు. అద్దం పెట్టి లెక్కించితే చౌకదానిలో అంగుళానికి దారాలు తక్కువ. వాళ్లు నేతను తగ్గించి జిగురును పెంచినారు. సముద్రం మీద చాప రెపరెపలాడినప్పుడల్లా ఆ జిగురు విరుగుతుంది. అది పోయిన తరువాత మిగిలేది నేతే.

ఇంకొక వింత. మామూలు కుట్టులో గుడ్డ పట్టీలను చాప వెనుక అంచుకు అడ్డంగా కలుపుతారు. లాగుడంతా ఆ అంచు వెంటనే గనుక బరువు మోసేది పేక. అందుచేత పొడుగాటి చాపల గుడ్డలో పేకే లావు, పేకే తిన్నగా ఉంటుంది. పడుగు దాని చుట్టూ వంగుతుంది.

తూకానికి అమెరికా లెక్క వేరు. 28½ అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు ముక్క ఎన్ని ఔన్సులు తూగితే అన్ని ఔన్సుల గుడ్డ. ఆ పడవకు 6 ఔన్సులు చాలునన్నారు. అంటే చదరపు మీటరుకు సుమారు 257 గ్రాములు. పందెపు పడవలవారు పలుచని పొరలు అతికించిన చాపలు వాడుతారు. అవి ఆకారం బాగా నిలుపుతవి గాని పొరలు విడిపోతవి, బూజు పడుతుంది. ప్రయాణపు పడవకు నేత గుడ్డే మేలు. ఎండ పాలియెస్టరుకు శత్రువు. ముందుగా పోయేది కుట్టుదారం. చాప దించగానే కప్పి ఉంచవలె.

పెద్దమనిషి ధర విని కాసేపు మాట్లాడలేదు. చివరకు, గాలి వెనుక నుంచి వచ్చినప్పుడు ఎత్తే నైలాను చాపను మానుకొని, పెద్ద చాప, ముందు చాప రెండూ మంచి గుడ్డతో కుట్టించినాడు.

ఈ గుడ్డ మన గుంటమగ్గం మీద దిగేది కాదు. దీనివల్ల మనకు పని దొరుకుతుందని ఆశ పెట్టను. అయితే 1851లో ఇంగ్లండులో జరిగిన పందెంలో 'అమెరికా' అనే పడవ గెలిచినప్పుడు, సాగే అవిసెనార చాపల మీద దాని బిగువైన నూలు చాపల గొప్పను అందరూ చెప్పుకున్నారు. ఆనాడూ మాట నేత గురించే.

జనవరిలో మేనల్లుడు మళ్లీ ఫోను చేసినాడు. "మామయ్యా, గోవా నుంచి వచ్చినాము. ఎదురుగాలే. ఒడ్డు దూరంగానే ఉన్నది" అన్నాడు.

మీ చేతికి ఏ మచ్చు వచ్చినా, ముందు నలిపి, తరువాత చూడండి.