క్వాసార్లు ఎక్కడికి పోయాయి?

పోయిన ఏడాది మా భౌతికశాస్త్ర విభాగం సెమినార్లో కృష్ణబిలాల గురించి ఘనంగా ఉపన్యసించి కూర్చోబోతున్నాను. వెనక బెంచీ నుంచి ఓ జూనియర్ లేచి, "అన్నా, మన పాలపుంత నడుమ కూడా పెద్ద కృష్ణబిలం ఉందన్నావు గదా, మరి అది క్వాసార్‌లా ఎందుకు వెలగదు?" అని అడిగాడు. నేను నీళ్లు నమిలాను. ఆ బాకీ ఈ సంచికలో తీర్చుకుంటున్నాను.

1963లో మార్టెన్ ష్మిట్ 3సి 273 అనే 'నక్షత్రం' వర్ణపటంలో గీతలు 16 శాతం ఎరుపు వైపు జరిగి ఉండటం గమనించాడు. అంటే అది నక్షత్రం కాదు. 200 కోట్ల కాంతి సంవత్సరాలకు పైబడిన దూరంలోని గెలాక్సీ కేంద్రం! అయితే ఆ వెలుగు కృష్ణబిలానిది కాదు. అందులో పడబోతూ సుడులు తిరిగే వాయువు, రాపిడికి కాగి వెలిగే వెలుగు. పొయ్యిలో కట్టెలున్నంత సేపే మంట.

దూరంగా చూడటమంటే గతంలోకి చూడటమే గదా. అలా చూస్తే, క్వాసార్లు ముమ్మరంగా వెలిగింది సుమారు 1000 కోట్ల ఏళ్ల కిందట. అప్పుడు గెలాక్సీల్లో వాయువు పుష్కలం. తరువాత కొంత నక్షత్రాలైంది. కొంత వాయువును క్వాసార్లే తమ ధాటికి బయటికి తరిమేశాయి. మంటలు ఆరాయి. మరి పొయ్యిలో? 1982లో పోలండు శాస్త్రజ్ఞుడు సోల్తాన్ క్వాసార్ల వెలుగంతా కలిపి, అందుకు ఎంత ద్రవ్యం మింగి ఉండాలో లెక్కగట్టాడు. ఆ బరువంతా గెలాక్సీల నడిబొడ్డున చల్లారి ఉండాలి. తరువాతి పరిశీలనల్లో అవి దొరికాయి కూడా. మన పాలపుంతలోనిది 26,000 కాంతి సంవత్సరాల దూరాన, 40 లక్షల సూర్యుల బరువుతో, తగినంత మేత లేక మౌనంగా ఉంది. తమ్ముడూ, ఇదీ నీ ప్రశ్నకు జవాబు.

అసలు చిక్కు మొదట్లో ఉంది. 2017లో ప్రకటించిన ఒక క్వాసార్, విశ్వానికి 69 కోట్ల ఏళ్ల వయసప్పటికే 80 కోట్ల సూర్యుల బరువు తూగుతోంది. కృష్ణబిలం మరీ ఆబగా తింటే, ఆ వెలుగు ఒత్తిడే మేతను వెనక్కి నెడుతుంది. ఎడింగ్టన్ చెప్పిన ఈ హద్దులో బరువు రెట్టింపు కావటానికి సుమారు 3 కోట్ల ఏళ్లు పడుతుంది. 10 సూర్యుల బరువుతో మొదలైతే 26 సార్లు రెట్టింపు కావాలి. అంటే 78 కోట్ల ఏళ్లు. విశ్వం వయసే చాలదు!

అయితే పుట్టుకలోనే లక్ష సూర్యుల బరువుండాలి, లేదా హద్దు మీరి తినాలి. 2022 నుంచి జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఇలాంటి తొలినాటి బరువైన కృష్ణబిలాలను ఇంకా ఇంకా చూపిస్తోంది గాని, ఈ రెంటిలో ఏది నిజమో తేలలేదు.

ఈసారి సెమినార్లో ఆ ప్రశ్న నేనే అడుగుతాను. జూనియర్లూ, కాస్త లెక్కలు చేసుకుని రండి!